గడగడా చదివారు సరే, అర్థమైందా?

హైస్కూలు పిల్లలు ఇంగ్లీషు విని, చదివి ఎంత అర్థం చేసుకుంటున్నారో తెలుసుకోవడం ఎలాగని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా తొమ్మిదో తరగతిలో 38 మంది ఉన్నారు. సగం మంది కొత్త పాఠాన్ని కూడా తడుముకోకుండా చదివేస్తారు. చదివిందేమిటో చెప్పమంటే నేలచూపులు చూస్తారు. వీళ్లకు చదవడం వచ్చినట్టా, రానట్టా?
– ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంట్, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: సగం వచ్చినట్టు. అక్షరాలను మాటలుగా పలకడం ఒక పని, ఆ మాటల్లోంచి అర్థం పట్టుకోవడం ఇంకో పని. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో దీన్ని ఒక లెక్కలా చెప్పారు: రాసింది చదివి గ్రహించే శక్తి అంటే, పదాన్ని గుర్తుపట్టే శక్తిని, అదే భాషను విని అర్థం చేసుకునే శక్తితో హెచ్చవేస్తే వచ్చేది. కూడిక కాదు, హెచ్చవేత. రెండింటిలో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. ఇది మీ ఒక్క బడి సంగతి కాదు. 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్లవాళ్లను పరీక్షించిన ‘అసర్ 2023’ అనే విద్యా సర్వే నివేదిక ప్రకారం ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. వాళ్లలోనూ అర్థం చెప్పగలిగినవాళ్లు నాలుగింట మూడు వంతులే.

కాబట్టి ఒక్క పరీక్ష చాలదు, మూడు చిన్నవి కావాలి. పిల్లలు ఇంతకుముందు చూడని, ఒకే స్థాయి పేరాలు రెండు తీసుకోండి. ఒక్కొక్కటి 150 మాటలు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. తరగతిని రెండు జట్లు చేయండి. మొదటి జట్టుకు మొదటి పేరా చదివి వినిపించండి. ఆ సమయంలో రెండో జట్టు వరండాలో కూర్చుని అదే పేరాను మౌనంగా చదువుతుంది. మర్నాడు రెండో పేరాతో జట్లను తారుమారు చేయండి. ఇలా ఎందుకంటే, ఒక పేరా మీకు తెలియకుండానే తేలికైనది పడితే ఆ లాభం రెండు జట్లకూ సమానంగా అందుతుంది.

మూడోది ఒక నిమిషం బిగ్గర పఠనం. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి 100 మాటల పేరా ఇచ్చి తప్పులు లెక్కపెట్టండి. మాట మింగేసినా, ‘హౌస్’ను ‘హార్స్’ అన్నా, మూడు సెకన్లు ఆగితే మీరే అందించాల్సి వచ్చినా తప్పు. తనంతట తాను సరిదిద్దుకుంటే తప్పు కాదు. ‘స్కూల్’ను ‘ఇస్కూలు’ అనడం అసలే తప్పు కాదు. అది యాస, దాన్ని లెక్కలోకి తెస్తే మీరు కొలవాలనుకున్నది వదిలి వేరేది కొలిచినట్టు. 95 లేదా అంతకు మించి మాటలు సరిగ్గా పలికితే ఆ స్థాయి పాఠం సొంతంగా చదువుకోగలరు. 90 నుంచి 94 అయితే మీ సాయంతో చదవగలరు. 90 లోపు అయితే ఆ పాఠం వాళ్లకు బరువు, ఇంకా కింది స్థాయి పుస్తకం ఇవ్వాలి.

ఇప్పుడు మార్కులు పక్కపక్కన పెట్టి చూడండి. వింటే 5, చదివితే 2 వచ్చిన పిల్లవాడికి భాష ఉంది, కంటికి మాట చిక్కడం లేదు. వాడికి వ్యాకరణం చెప్పి లాభం లేదు, ఒకే పేరాను మూడు నాలుగుసార్లు చదివించాలి. చదివితే 5, వింటే 2 అయితే ఇంగ్లీషంతా పుస్తకంలోంచే వచ్చింది, చెవిన పడలేదు. రెండింటిలోనూ 2 వచ్చి, బిగ్గర పఠనంలో 97 వచ్చిందనుకోండి, మీరు చెప్పిన గడగడ బృందం అదే. వాళ్లకు కొరవడింది పదసంపద. ఇక్కడ ఒక్క అడుగు ముందుకు వేసి, అంతే స్థాయి తెలుగు పేరా ఇచ్చి చూడండి. అందులోనూ తడబడితే సమస్య ఇంగ్లీషుది కాదు, చదివినదాన్ని గురించి ఆలోచించే అలవాటే పడలేదు. ఆరు ప్రశ్నల పరీక్షలో ఒక మార్కు తేడాను పట్టించుకోకండి. మూడు తేడా ఉంటే ఇంకో జత పేరాలతో ఖాయం చేసుకోండి.

ప్రశ్న: పాఠ్యపుస్తకంలోని లిజనింగ్ టెక్స్టును నేనే చదివి వినిపిస్తాను. వెనక బెంచీల వాళ్లకు ఎప్పుడూ తక్కువే వస్తోంది. ఫోను, బ్లూటూత్ స్పీకర్ వాడితే మంచిదా? ఒకసారి వినిపించాలా, రెండుసార్లా?
– ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు గదిని పరీక్షించండి, తర్వాత పిల్లల్ని. పరీక్షకు ముందు రోజు ‘థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ’ లాంటి పది అంకెలు చెప్పి రాయించండి. వెనక బెంచీల్లో తప్పులు ఎక్కువైతే తప్పు గదిది. ఫ్యాన్లు ఐదు నిమిషాలు ఆపండి (మార్చిలో అయితే తిట్టుకుంటారు, ఐదు నిమిషాలే కదా). స్పీకర్‌ను మీ బల్ల మీద కాకుండా గది మధ్యలో, పిల్లల చెవుల ఎత్తున స్టూలు మీద పెట్టండి. రేకుల గదైతే వాన రోజున ఈ పరీక్ష పెట్టనే వద్దు.

గొంతు మీదైనా ఫరవాలేదు, కానీ ముందే ఫోనులో రికార్డు చేయండి. అప్పటికప్పుడు చదివితే జవాబు ఉన్న మాట దగ్గర గొంతు దానంతటదే పైకి లేస్తుంది, ఓర చూపు కూడా పడుతుంది. ఎ సెక్షన్‌కు ఒకలా, బి సెక్షన్‌కు ఒకలా చదివే ప్రమాదమూ ఉంది. ఎనిమిదో తరగతికి నిమిషానికి 120 మాటలు, పదికి 140 దాకా సరిపోతాయి. అంటే 150 మాటలకు 75 సెకన్లు. నిదానంగా చెప్పాలని మాట మాటకూ ఆగకండి. ‘వాంట్ టు గో’ అన్నది బయట ఎక్కడా మూడు ముక్కలుగా వినపడదు. విరామం కావాలంటే వాక్యానికీ వాక్యానికీ మధ్య ఇవ్వండి.

ఒకసారా, రెండుసార్లా అన్నది పరీక్ష దేనికన్నదాన్ని బట్టి ఉంటుంది. ఐఈఎల్‌టీఎస్‌లో 40 ప్రశ్నలకు రికార్డింగు ఒక్కసారే. కేంబ్రిడ్జి వాళ్ల బీ1 ప్రిలిమినరీలో రెండుసార్లు. బడిలో రెండుసార్లు మేలు. మొదటిసారి ‘ఎవరు ఎవరితో, దేని గురించి మాట్లాడుతున్నారు’ అన్న ఒక్క ప్రశ్న, రెండోసారి మిగతావి. ప్రశ్నలు వినకముందే ఇచ్చి, చదువుకోవడానికి నిమిషం ఇవ్వండి. అలా కాకుండా అంతా విన్నాక పేర్లు, సంవత్సరాలు అడిగితే అది జ్ఞాపకశక్తి పరీక్ష అవుతుంది.

ఇంకో రెండు మాటలు. పుస్తకంలో అచ్చయిన టెక్స్టు పిల్లల చేతిలోనూ ఉంటుంది, చదివే వస్తారు. పైగా పొడుగు వాక్యాల వ్యాసాన్ని పైకి చదివితే అది వినికిడి పరీక్ష కాదు, చెవితో చేయించే చదువు. రైల్వే స్టేషన్ ప్రకటన, వాతావరణ వార్త, ఇద్దరు స్నేహితులు సినిమాకు వెళ్లే సమయం మార్చుకునే ఫోను సంభాషణ లాంటివి మీరే 150 మాటల్లో రాసుకోండి. జవాబులో ‘వెడ్నెస్‌డే’ స్పెల్లింగు తప్పినా, వారం తెలిసిందని అర్థమైతే పూర్తి మార్కు వేయాల్సిందే.

ప్రశ్న: పేపరు దిద్దుతుంటే అందరికీ పూర్తి మార్కులే వస్తున్నాయి, కానీ అర్థమైనట్టు అనిపించదు. ప్రశ్నల్లో లోపమా?
– ఉపాధ్యాయిని, అనంతపురం

జవాబు: ఈ వాక్యం చూడండి: “డుంబిరి లోకసంలో తిప్పిళ్లను గిరిపింది.” డుంబిరి ఎక్కడ గిరిపింది? లోకసంలో. వేటిని గిరిపింది? తిప్పిళ్లను. మీకు రెండుకు రెండు మార్కులు. డుంబిరి అంటే ఏమిటో మాత్రం మాకూ తెలియదు, ఇప్పుడే పుట్టించాం. ప్రశ్నలోని మాటలే పేరాలోనూ ఉంటే పిల్లలు చేసేది ఇదే పని: మాటకు మాట జోడించి పక్కనున్నది ఎత్తిరాయడం.

విరుగుడు రెండు రకాలు. ప్రశ్నలో పేరాలోని మాట వాడకుండా దాని అర్థం వాడండి. పేరాలో ‘హి మిస్డ్ ద లాస్ట్ బస్ అండ్ వాక్డ్ హోమ్’ అని ఉంటే, ‘ఇంటికి ఎలా చేరాడు’ అని కాకుండా ‘బస్టాండుకు సమయానికి చేరాడా, ఎలా తెలిసింది’ అని అడగండి. రెండోది, ఎనిమిది ప్రశ్నల్లో నేరుగా దొరికేవి మూడుకు మించకుండా చూడండి. మూడు ఊహించి చెప్పేవి, ఒకటి సందర్భాన్ని బట్టి మాటకు అర్థం, ఒకటి మొత్తం పేరా దేని గురించో. ప్రశ్నపత్రం తయారయ్యాక పేరా చూపించకుండా వేరే తరగతి పిల్లలు నలుగురికి ప్రశ్నలు మాత్రమే ఇవ్వండి. ‘చెట్లు ఎందుకు నరకకూడదు’ వంటివాటికి పేరా చదవకుండానే జవాబులు వచ్చేస్తాయి. అవి కొట్టేయండి.

పేరా ఎంపికలో పెద్ద పొరపాటు కష్టమైన మాటల బరువు. ఇబ్బంది లేకుండా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని పదసంపద మీద జరిగిన పరిశోధనలు చెబుతాయి. 200 మాటల పేరాలో కొత్తవి నాలుగు. పది దాటితే మీరు పరీక్షిస్తున్నది పఠనాన్ని కాదు, డిక్షనరీని.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు రాదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు మీడియం. చదివింది అర్థమవుతోందో లేదో నేనెలా తెలుసుకోను?
– ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, మీ దగ్గర మంచి సాధనమే ఉంది. ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో అచ్చయిన సైన్సు, సోషల్ పుస్తకాలు ఉంటాయి కదా. బడిలో ఇంకా చెప్పని పాఠం తీయండి. చెప్పినదైతే చదవకుండానే తెలిసిపోతుంది. తెలుగు పేజీని కాగితంతో కప్పి, ఇంగ్లీషులో ఒక పేరా మనసులో చదువుకోమనండి. చదివాక పుస్తకం మూసి తెలుగులో చెప్పమనండి. ఆమె చెబుతుంటే మీరు తెలుగు పేజీలో సరిచూడండి. అందులో ఐదు ముఖ్య విషయాలుంటే నాలుగు చెబితే బాగున్నట్టు, రెండే అయితే టీచరుతో మాట్లాడండి.

తెలుగులో చెప్పించడం తప్పేమో అని అనుమానం వద్దు. అర్థమైందీ లేనిదీ కొలిచేటప్పుడు తెలుగు జవాబే నిక్కమైనది. ఇంగ్లీషులో చెప్పమంటే అర్థమైన పిల్ల కూడా మాటలు దొరక్క ఊరుకుంటుంది. ఈ మాట టీచర్లకు కూడా.

ప్రశ్న: మా బాబు టోఫెల్ జూనియర్ రాశాడు. 900కు 640 వచ్చింది. 71 శాతం కదా, ఫస్ట్ క్లాసే అనుకోవచ్చా?
– తండ్రి, గుంటూరు

జవాబు: అనుకోకూడదు. బడి పిల్లల ఇంగ్లీషును కొలిచే ఈ పరీక్షలో లిజనింగ్, భాషా రూపం–అర్థం (వ్యాకరణం, పదాలు), రీడింగ్ అని మూడు భాగాలు, ఒక్కోదానిలో 42 ప్రశ్నలు. ఒక్కో భాగానికి స్కోరు 200 దగ్గర మొదలై 300తో ముగుస్తుంది. అంటే అడుగు స్కోరే 600. మీ బాబు ఎక్కింది 300 మెట్లలో 40. శాతం లెక్క ఇక్కడ పనికిరాదు, పాస్, ఫెయిల్ అన్నవీ లేవు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, టోఫెల్ నిర్వహించే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని ఆరు నుంచి తొమ్మిది తరగతులకు తలపెట్టింది కూడా ఈ పరీక్షనే.

మొత్తం స్కోరు వదిలేసి భాగాలు చూడండి. ఐరోపా భాషా ప్రమాణాల్లో ఏ2 మెట్టు (ఆరు మెట్లలో కింది నుంచి రెండోది) అందుకోవాలంటే రీడింగ్‌లో 210 చాలు, లిజనింగ్‌లో 225 కావాలి. కాబట్టి రెండింట్లోనూ 215 వచ్చిందని సమానం అనుకోవద్దు: చదువులో మెట్టెక్కాడు, వినికిడిలో ఇంకా కిందే ఉన్నాడు.

ప్రశ్న: బహుళైచ్ఛిక ప్రశ్నలు 20 ఇచ్చాను. ఏవి మంచి ప్రశ్నలో తర్వాత తెలుసుకునే మార్గం ఉందా? మా తరగతిలో ఒక అమ్మాయికి వినికిడి సమస్య ఉంది, ఆమె లిజనింగ్ మార్కులు ఏం చేయాలి?
– ఉపాధ్యాయుడు, నిజామాబాద్

జవాబు: రెండో ప్రశ్న ముందు. సున్నా వేయకండి. వినికిడి యంత్రంతో వినగలిగితే ఒక మీటరు దూరంలో, మీ ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని ముఖాముఖి చదవండి, రికార్డింగు వద్దు. అదీ కుదరకపోతే లిజనింగ్ మార్కులను రీడింగ్‌లో వచ్చిన నిష్పత్తిలో లెక్కగట్టి, రిజిస్టరులో కారణం రాయండి. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచరును సంప్రదించండి. చదివితే బాగా, వింటే బొత్తిగా తక్కువ వచ్చే మిగతా పిల్లల్లో కూడా చెవి సమస్య ఎవరికీ తెలియకుండా ఉండవచ్చు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు వాళ్ల పేర్లు ముందే ఇవ్వండి.

ఇక ప్రశ్నల సంగతి. 40 మంది ఉంటే మొత్తం మార్కుల్లో పై 11 మంది, కింది 11 మంది పేపర్లు విడదీయండి. సుమారు 27 శాతం చొప్పున అన్నమాట. ఒక ప్రశ్నకు పై వాళ్లలో 9 మంది, కింది వాళ్లలో ముగ్గురు సరిగ్గా రాస్తే తేడా 6, దాన్ని 11తో భాగిస్తే 0.55. మంచి ప్రశ్న. 0.2 కన్నా తగ్గితే తిరగరాయాలి. మైనస్ వస్తే, అంటే బాగా చదివేవాళ్లే తప్పు చేస్తే, చాలాసార్లు మీ జవాబుల కీలోనే తప్పుంటుంది, లేదా రెండు ఐచ్ఛికాలు సరైనవై ఉంటాయి. నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నలు 20 ఉంటే కళ్లు మూసుకుని టిక్కు పెట్టినా సగటున 5 వస్తాయని, ఒప్పు–తప్పు ప్రశ్నలైతే 10 వస్తాయని కూడా గుర్తుంచుకోండి. ఆరు మార్కులు వచ్చిన పిల్లవాడికి ‘కొంచెం వచ్చు’ అని రాసేముందు, ఆ ప్రశ్నల్లోనే ఓ నాలుగింటిని ఐచ్ఛికాలు లేకుండా నోటితో అడిగి చూడండి.