ఏనుగు ఒకటా, రెండా?

ప్రశ్న: నమస్కారమండీ. బ్యాంకులో పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఊరికే కూర్చుంటే తోచదని మా అమ్మాయి నన్ను ఆన్‌లైన్‌లో ఆర్ట్ అప్రీసియేషన్ కోర్సులో చేర్చింది. ఆరు వారాల కోర్సు, ఇప్పుడు మూడో వారం నడుస్తోంది. బొమ్మ చూపించి ‘ఏం కనిపిస్తోందో రాయండి’ అంటారు. నాకు ‘బాగుంది’ అన్న మాట తప్ప ఇంకేమీ తోచదు. క్విజ్ అంటే ఒకటే టెన్షన్. మీరూ పోయినేడాది ఇలాంటి కోర్సే చేశానని ఇదే శీర్షికలో ఒకసారి రాశారు. దానివల్ల మీకు ఒరిగిందేమిటి? నిజం చెప్పండి. మానేయమంటారా?
— ఒక పాఠకురాలు (పేరు వేయొద్దన్నారు), ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మానకండమ్మా. ముందు నా మార్కులు చెబుతాను, మీ టెన్షన్ కాస్త తగ్గుతుంది. మొదటి క్విజ్‌లో నాకు పదికి నాలుగు. ముప్ఫై నాలుగేళ్లు షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో గీతలు గీసి బతికినవాణ్ణి, బొమ్మల గురించి నాకొకరు చెప్పేదేముందిలే అన్న ధీమాతో చేరాను. ఆ నాలుగూ చూసి మా ఆవిడ ‘పెన్షన్ ఆపేస్తారేమో, ఎవరికీ చెప్పకండి’ అంది.

మొదటి వారం హోంవర్కు ఇది. మీ ఇంట్లో రోజూ కనబడే బొమ్మ ఒకటి తలుచుకుని, దాని వైపు చూడకుండా, అందులో ఏమేం ఉన్నాయో రాయాలి. తర్వాత వెళ్లి సరిచూసుకోవాలి. మా దేవుడి గదిలో రవివర్మ లక్ష్మీదేవి పటం ఉంది. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు ప్రెస్సు పెట్టించాక ఆయన దేవుళ్లు ఇంటింటికీ వచ్చారు కదా, ఆ బాపతే. మా అమ్మ కాపురానికి వస్తూ తెచ్చుకుంది. నేను హాల్లో కూర్చుని రాశాను: తామర పువ్వు, నాలుగు చేతులు, అటొక ఏనుగు, ఇటొక ఏనుగు. వంటింట్లోంచి మా ఆవిడ, ‘ఏనుగు ఒకటే’ అంది. కాదు రెండని నేను. పందెం కూడా వేశాను.

ఒకటే ఉంది. తొండంతో దండ పట్టుకుని ఉంది.

అరవై ఏళ్లుగా దండం పెడుతున్న పటం అది. కళ్లు మూసుకుని పెట్టేవాణ్ణి కదా, ఏనుగు ఎక్కణ్ణుంచి కనబడుతుంది! మరి ఆ రెండోది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని రెండు రోజులు ఆలోచించాను. మా పాత ఇంటి ద్వారబంధం మీద గజలక్ష్మిని చెక్కి ఉండేది. ఆవిడకి అటొకటి ఇటొకటి. అక్కడి ఏనుగును తెచ్చి ఈ పటంలో కట్టేశానన్నమాట. నాకు ఒరిగిందేమిటని అడిగారు చూడండి, అది అక్కడ మొదలైంది. నేను చూస్తున్నాననుకున్నవి చాలావరకు చూసినవి కావు, తెలిసినవి.

రెండో వారం డచ్చి చిత్రకారుడు వెర్మీర్ గీసిన పాలు పోసే పనిమనిషి బొమ్మ ఇచ్చారు. సుమారు 1660 నాటిది, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. గడియారం పెట్టుకుని పది నిమిషాలు చూడాలి. అందంగా ఉంది, ప్రశాంతంగా ఉంది లాంటివి రాస్తే మార్కు కోత. ఒక ఆవిడ, పాలు, గిన్నె, రొట్టెలు, బుట్ట, కిటికీ. రెండు నిమిషాలకే నా జాబితా అయిపోయింది. మిగతా ఎనిమిది నిమిషాలూ ఏం చెయ్యాలో తెలీక వెనక ఖాళీ గోడ చూస్తూ కూర్చున్నాను. అందులో మేకు ఒకటి కనబడింది. మేకుకి నీడ కూడా ఉంది. ఎప్పుడో కొట్టి పీకేసిన మేకుల బెజ్జాలున్నాయి. కిటికీలో ఒక అద్దం పగిలి ఉంది. అద్దె ఇళ్లలో కాపురం చేసినవాణ్ణి, ఆ గోడ నాకు బాగా తెలుసు.

మేం ఓడ డ్రాయింగులో ప్రతి బోల్టు బెజ్జమూ గీసేవాళ్లం. గీయకపోతే మర్నాడు ఫోర్‌మన్ కాగితం పట్టుకుని పైకి వచ్చేవాడు. ఈయన్ని ఎవరు తిడతారని గీశాడండీ మేకు బెజ్జాలు?

ఊరుకోలేక ఆ బొమ్మను జిరాక్సు షాపులో పెద్దగా ప్రింటు తీయించి, స్కేలు పెట్టి కిటికీ చట్రం అడ్డగీతలన్నిటినీ పొడిగించాను. అన్నీ వెళ్లి పాలు పోసే ఆవిడ కుడిచేతికి కాస్త పైన కలిశాయి. అసలు బొమ్మలో సరిగ్గా అక్కడ సూది గుచ్చిన గుర్తు ఉందని పరిశీలించినవాళ్లు చెప్పారట. సూదికి దారం కట్టి, సుద్ద రాసి, లాగి వదిలితే తిన్నటి గీత పడుతుంది. మన వడ్రంగులు దూలం మీద చేసేది అదే. ఆ రోజు నాకు వెర్మీర్ మా డ్రాయింగ్ ఆఫీసు మనిషిలా అనిపించాడు.

ఇక పికాసో ‘గెర్నికా’ సంగతి. కంప్యూటరు తెరతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే అందులో అన్నీ ఒకే సైజు. వెర్మీర్ బొమ్మ 45.5 సెంటీమీటర్ల ఎత్తు, 41 వెడల్పు. పెద్ద క్యాలెండరంత కూడా ఉండదు. గెర్నికా 349 సెంటీమీటర్ల ఎత్తు, 776 వెడల్పు. తెర మీద రెండూ నా అరచేతికి సరిపోయాయి. అంకెలు చదివితే నాకు చాలదు, కొలవాలి. టేపు, సుద్దముక్క పట్టుకుని డాబా ఎక్కాను. మా ఆవిడ అక్కడ పాత చీర పరిచి గుమ్మడి వడియాలు ఎండబెట్టింది. సరిగ్గా బొమ్మ మధ్యలో గుర్రం ఉండాల్సిన చోట. వడియాల చుట్టూ తిరిగి ఎలాగో నాలుగు గీతలూ గీశాను. నీళ్ల ట్యాంకు చూడ్డానికి పైకొచ్చిన వాచ్‌మన్ కాసేపు నిలబడి, ‘ఏటి సారూ, ముగ్గెడతన్నారా?’ అన్నాడు.

ఆ కొస నుంచి ఈ కొసకి పదకొండు అంగలు పడ్డాయి. ఎత్తు నాకు రెట్టింపు పైనే. ఆ గీతల మధ్య నిలబడి, ప్రింటు చూసుకుంటూ, ఎవరెవరు ఎక్కడున్నారో నడిచి చూశాను. ఎడమ చివర చచ్చిపోయిన బిడ్డను పట్టుకున్న తల్లి. కింద పడిపోయిన మనిషి, వాడి చేతిలో విరిగిన కత్తి. దీపం పట్టుకుని కిటికీలోంచి వంగిన ఆవిడ. కుడి చివర మంటల్లో చేతులెత్తిన మనిషి. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లో గెర్నికా అనే ఊరి మీద విమానాలు బాంబులు వేశాయని పికాసో వేసిన బొమ్మ. అందులో విమానం లేదు. బాంబూ లేదు. మూడుసార్లు వెతికాను.

మీరు విశాఖవాసులు కాబట్టి చెబుతున్నాను. 1942 ఏప్రిల్ 6న మన ఊరి మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా ఉండిపోయిన బాంబును బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో పెట్టారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు. మా నాయనమ్మ అప్పుడు వన్‌టౌన్‌లో ఉండేది. ఆ రోజు గురించి ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ కథలో విమానం వచ్చేది కాదు. పొయ్యి మీద వదిలేసిన పులుసు వచ్చేది. చంటివాణ్ణి ఎత్తుకుని సింహాచలం వైపు నడుస్తుంటే ఒక కాలికే చెప్పు ఉండడం వచ్చేది. చిన్నప్పుడు నాకు విసుగ్గా ఉండేది, ‘విమానం ఎలా ఉందో చెప్పవే’ అని వేధించేవాణ్ణి. ‘ఏమో రా, నేను పైకి చూళ్లేదు’ అనేది. డాబా మీద ఎండలో నిలబడి ఆ మాట గుర్తుచేసుకున్నాను. తర్వాత వడియాలు కాకులు ఎత్తుకుపోతున్నాయని కేకలు వినబడి కిందికి దిగాను.

ఐదో వారం, గదిలో ఏవో వస్తువులు పేర్చి అదే కళ అనే వ్యవహారం, నాకు ఎక్కలేదు. దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీకు పనికొచ్చేవి రెండు మాటలు. బ్యాంకులో చెక్కు మీద సంతకాన్ని కార్డు మీది సంతకంతో పోల్చి చూసేవారు కదా. ఆ సంతకం బాగుందా లేదా అని ఎప్పుడైనా అనుకున్నారా? ‘క’కి తలకట్టు ఎక్కడ మొదలైంది, చివరి గీత కిందికి దిగిందా పైకి లేచిందా, అంతే కదా చూసేది. బొమ్మనీ అలాగే చూసి రాయండి. ‘బాగుంది’ అనుకోవద్దని కాదు. దాన్ని కాగితం చివర రాయండి. నాకైతే అక్కడికి వచ్చేసరికి సగంసార్లు ఆ మాట మారిపోయేది.

రెండోది, నోట్సు ముందు తెలుగులో రాసుకోండి. నేను మొదట ఇంగ్లీషు మాటలకి భయపడి అప్పజెప్పినట్టు రాశాను. ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్ అంటే ఏమిటని మా ఆవిడ అడిగితే వివరించాను. ‘వాకిలి, పెరడు అనొచ్చుగా’ అంది. నా నోటుబుక్కులో అప్పట్నుంచి అవే మాటలు. వాకిట్లో పాలావిడ, పెరట్లో మేకు.

ప్రశ్న: ఇలాంటి కోర్సుల్లో సర్టిఫికెట్‌కి విడిగా డబ్బు కట్టమంటున్నారు. కట్టొచ్చా?
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ఉద్యోగానికి చూపించాలంటే కట్టండి. నేను కట్టలేదు. నాకు జిరాక్సు ఖర్చే ఎక్కువైంది. పెద్ద మ్యూజియంలు కొన్ని తమ బొమ్మల్ని పెద్ద సైజులో, దగ్గరకు లాక్కుని చూసుకునేలా, ఉచితంగానే పెడుతున్నాయి. రైక్స్‌మ్యూజియంవాళ్లది చూడండి, మేకు నీడ కూడా దొరుకుతుంది.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. పారిస్‌లో, న్యూయార్క్‌లో ఉన్నవాళ్లకి ఇవన్నీ సరే. గాజువాకలో ఉన్న నాకు చూడ్డానికి ఏముంది?
— ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: కోపంగా అడిగావు, బాగానే అడిగావు బాబూ. చేతనైనంత చెబుతాను. సింహాచలం ఎన్నిసార్లు వెళ్లి ఉంటావు? ఈసారి క్యూలోంచి బయటికి వచ్చాక కల్యాణమండపంలో ఒక్క స్తంభం ఎంచుకుని దాని ముందు కూర్చో. తొంభై ఆరు స్తంభాలున్నాయి, తొందరేం లేదు. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. అక్కడి స్తూపాల్లో చాలావాటిని కట్టలేదు, కొండనే చెక్కి తీశారు. ఎక్కడ కొండ ఆగి ఎక్కడ స్తూపం మొదలైందో వేలితో గాలిలో గీసుకుంటూ తిరుగు. పాత పుస్తకాల షాపులో చందమామలు దొరికితే అట్టలు చూడు. వాటిలో చాలావాటికి బొమ్మ వేసిన వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలో పుట్టి, మన పక్కనే కశింకోటలో ఉండి, 1992లో పోయారు. చీర అంచు ఎక్కడ వెలుగు పట్టిందో, ఎక్కడ నీడలోకి జారిందో ఆయన దగ్గరే చూడాలి.

ఇవన్నీ కాదు, పని జరుగుతుండగా చూస్తానంటే ఏటికొప్పాక వెళ్లు. యలమంచిలి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. అంకుడు కర్ర ముక్కను మర మీద తిప్పుతూ రంగు లక్క పుల్లను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. బొమ్మ కొన్నాక చూడ్డం కాదు, ఆ ఆకు ఆనించక ముందు రంగు ఎలా ఉంది, తీశాక ఎలా ఉందో చూడు. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం వెళ్లకు, మర ఆపేసి ఉంటుంది.