రేటు తగ్గించాలా, మనుషుల్ని తగ్గించాలా?

ప్రశ్న: పీణ్యలో చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. నాలుగు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) టర్నింగ్ మెషిన్లు, ఒక వీఎంసీ (సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్), పన్నెండు మంది పనివాళ్లు. ఆరు నెలల్లో ఆర్డర్లు మూడో వంతు పడిపోయాయి. ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) నిండిపోయింది. పెద్ద కస్టమరేమో రేటు 8 శాతం తగ్గించమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముందు ఆ 8 శాతం సంగతి తేల్చండి. పీసు రేటు 100 రూపాయలు, అందులో మెటీరియల్, ఇన్‌సర్టులు (లోహాన్ని కోసే మొనలు), ప్లేటింగ్, రవాణా కలిపి 62 అనుకుందాం. మిగిలేది 38. జీతాలు, అద్దె, ఈఎంఐ అన్నీ అందులోంచే వెళ్లాలి. రేటు 92 చేస్తే 30 మిగులుతుంది. పాత మొత్తం చేతికి రావాలంటే 27 శాతం ఎక్కువ పీసులు అమ్మాలి. అంత ఆర్డరు అతను రాసిస్తాడా? ఇవ్వనంటే, మెటీరియల్ తనే పంపే జాబ్‌వర్క్ అడగండి. స్టీలు కొనడానికి మీ ఓడీ వాడక్కర్లేదు. తగ్గించక తప్పకపోతే కొటేషన్‌లో పీసుల సంఖ్య, మూడు నెలల గడువు రాయండి. రాయకపోతే మార్కెట్ కోలుకున్నాక కూడా 92 దగ్గరే ఉంటారు.

టర్నింగ్ మెషిన్లు ఖాళీగా ఉన్నంతకాలం, నాలుగు రూపాయలు మిగిలి, డబ్బు వసూలయ్యే పని ఏదైనా పట్టండి. వీఎంసీ నిండుగా ఉంటే మాత్రం గంటకు ఎంత మిగులుతుందో చూడాలి. పీసుకు 90 మిగిలే పనికి 12 నిమిషాలు పడితే గంటకు 450. 40 మిగిలేది 4 నిమిషాల్లో అయిపోతే 600. చాలామంది 90 చూసి మోసపోతారు.

సెట్టింగ్‌లోనూ, అంటే మెషిన్‌ను ఒక పని నుంచి మరో పనికి మార్చడంలోనూ, గంటలు పోతాయి. తర్వాతి పనికి కావలసిన టూల్స్, ఫిక్స్చర్, ప్రోగ్రాం మెషిన్ ఆడుతుండగానే సిద్ధం చేయించండి. సెట్టింగ్ బాధ తప్పుతుందని 200 ఆర్డరుకు 500 పీసులు కొట్టేయకండి. ర్యాకులో మిగిలిన ఆ 300 మీ ఓడీయే.

కరెంటు ఖర్చులో ముందు కంప్రెసర్ చూడండి. ఆదివారం గాలి వాడే మెషిన్లన్నీ ఆపి, దాన్ని ఒక్కదాన్నే నడపండి. 2 నిమిషాలు లోడ్ (గాలి నింపడం), 6 నిమిషాలు అన్‌లోడ్ (ఊరికే తిరగడం) అయితే దాని సామర్థ్యంలో 25 శాతం లీకులకే పోతున్నట్టు. 10 శాతంలోపు ఉండాలి. పైపు జాయింట్లకు సబ్బు నీళ్లు పూస్తే లీకు ఎక్కడుందో తెలుస్తుంది. ఒక బార్ ప్రెషర్ తగ్గించగలిగితే కంప్రెసర్ కరెంటు సుమారు 6, 7 శాతం తగ్గుతుంది. స్క్రాప్ విషయానికొస్తే, ఇత్తడి, అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీల్ చిప్స్ విడివిడిగా పెట్టండి. కలిస్తే తక్కువ రేటే కడతారు.

మనుషుల్లో ముందు ఆపాల్సింది ఓటీ (ఓవర్‌టైమ్). దానికి చట్టప్రకారం రెట్టింపు వేతనం ఇవ్వాలి. సెట్టర్లను మాత్రం వదులుకోవద్దు.

ఇక వసూళ్లు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ లేకపోతే వెంటనే చేయించండి. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. అంతేకాదు, ఆ బకాయి చెల్లించేదాకా అతను ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా చూపలేడు. ఫిర్యాదు పెడితే కస్టమర్ పోతాడన్న భయం సహజమే. అందుకే ఫిబ్రవరిలో, పుస్తకాలు మూసే ముందు, ఈ పన్ను సంగతినే వాళ్ల అకౌంట్స్ విభాగానికి మెయిల్ చేయండి. కొనుగోలుదారు టీరెడ్స్‌లో (ఇన్వాయిస్‌ల మీద బ్యాంకులు డబ్బిచ్చే ఆన్‌లైన్ వేదిక) ఉంటే, అతను ఆమోదించిన ఇన్వాయిస్ అక్కడ డిస్కౌంట్ చేయించుకుని డబ్బు ముందే తీసుకోవచ్చు. తర్వాత అతను ఎగ్గొట్టినా బ్యాంకు మీ మీదికి రాదు.