శాన్ హోసే దగ్గర కాథలిక్ ప్రెప్ హైస్కూల్లో హిందూ కుటుంబం పిల్లవాడికి చదువు, వాతావరణం ఎలా ఉంటాయి?

మీరు అడిగినవి రెండు. ఎనిమిదో తరగతిలో ఉన్న మీ అబ్బాయిని బెల్లార్మిన్, మిట్టీ, సెయింట్ ఫ్రాన్సిస్ లాంటి స్కూల్లో వేస్తే మతం క్లాసుల సంగతేమిటి? దగ్గర్లోని మంచి పబ్లిక్ స్కూలు కంటే చదువు నిజంగా బావుంటుందా? మొదటిదానికి జవాబు చెబితే రెండోది చాలావరకు తేలిపోతుంది.

మన ఊళ్లలో కాథలిక్ స్కూళ్లలో చదివినవాళ్లకు తెలుసు, కాథలిక్ పిల్లలు కేటకిజంకి (తమ మతబోధ క్లాసుకి) వెళ్తే మిగతావాళ్లకి మోరల్ సైన్స్ ఉండేది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఇక్కడ ఆ పద్ధతి లేదు. మతం ఏదైనా పిల్లలందరూ కలిసి థియాలజీ (మతశాస్త్రం) చదవాలి, సాధారణంగా నాలుగేళ్లూ. లెటర్ గ్రేడు ఇస్తారు, స్కూలు జీపీఏలో కలుపుతారు. మొదట బైబిలు పరిచయం, తర్వాత క్రీస్తు, చర్చి, సంస్కారాలు, ఆపైన నీతిశాస్త్రం, చివర్లో ప్రపంచ మతాలో సామాజిక న్యాయమో. వరుస స్కూలును బట్టి మారుతుంది.

అక్కడ చూసేది పిల్లవాడి విశ్వాసాన్ని కాదు, చదివినదాన్ని అర్థం చేసుకుని రాయగలడా అని. మార్కు సువార్తలో ఒక భాగం ఇచ్చి, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడుతున్నారో వచనాలు చూపిస్తూ రెండు పేజీలు రాయమంటారు. లెక్కల్లో ముందుండే మన పిల్లలకు మొదటి సెమిస్టర్లో బీ వచ్చేది ఎక్కువగా ఇక్కడే. కారణాలు రెండు. తేలిక సబ్జెక్టనుకుని ముందు రోజు రాత్రి సారాంశం చదివి వెళ్లడం ఒకటి. 'చర్చి బోధన ఏమిటో వివరించు' అని అడిగితే సొంత అభిప్రాయం రాయడం రెండోది. ముందు బోధనను ఉన్నదున్నట్టు రాయాలి, విభేదించాలంటే ఆ తర్వాత కారణాలతో విభేదించాలి. అలా రాసిన హిందూ పిల్లలకు మార్కులు తగ్గించే టీచర్లు అరుదు. ఇంగ్లీషు, హిస్టరీ క్లాసుల్లో కావలసిందీ ఈ పనే. నా దృష్టిలో ఈ స్కూళ్ల అసలు బలం రాత. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సుల సంఖ్య చూసి చేరేవాళ్లకు దగ్గర్లోని కుపర్టినో పబ్లిక్ స్కూళ్లు ఏమీ తీసిపోవు, పైగా ఫీజు లేదు.

గ్రేడుల విషయంలో ఒక లెక్క తెలుసుకోండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు 10, 11 తరగతుల్లోని ఏ-జీ కోర్సులతో (తమ ప్రవేశానికి లెక్కలోకి తీసుకునే సబ్జెక్టుల జాబితా) జీపీఏ తామే కట్టుకుంటాయి. ప్లస్, మైనస్‌లు చూడవు. ఆనర్స్ (మామూలు కంటే పైస్థాయి) కోర్సులకిచ్చే అదనపు పాయింటు గరిష్ఠంగా 8 సెమిస్టర్లకే, అందులో పదో తరగతివి నాలుగుకు మించవు. థియాలజీ కోర్సులు చాలావరకు ఆ జాబితాలో ఉండవు. ప్రపంచ మతాల లాంటివి కొన్ని చోట్ల ఉంటాయి. యూసీ వాళ్ల ఏ-జీ జాబితాలో స్కూలు పేరు కొడితే ఏ కోర్సు లెక్కలోకి వస్తుందో, దేనికి ఆనర్స్ గుర్తింపు ఉందో కనిపిస్తుంది. ప్రైవేటు యూనివర్సిటీలు మాత్రం ట్రాన్‌స్క్రిప్ట్ మొత్తం చూస్తాయి.

లెక్కల ప్లేస్‌మెంట్ దగ్గర తల్లిదండ్రులు ఎక్కువగా తడబడతారు. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 అయిపోతే మామూలు దారి తొమ్మిదిలో జామెట్రీ, తర్వాత ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, పన్నెండులో కాల్క్యులస్. ఒక మెట్టు దూకించాలని వేసవిలో బయట ఆన్‌లైన్‌లో జామెట్రీ చేయించేవాళ్లు చాలామంది. స్కూలు ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఆ క్రెడిట్ చెల్లకపోవచ్చు. ఒప్పుకున్నా ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతారు, ఆరు వారాల్లో ముగించిన పిల్లలు ప్రూఫుల దగ్గర ఆగిపోతారు. సీటు రాగానే లెక్కల విభాగానికి ఈమెయిలు పెట్టి, సిలబస్ పంపి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

ప్రవేశానికి హెచ్‌ఎస్‌పీటీ (హైస్కూల్ ప్లేస్‌మెంట్ టెస్ట్) అనే పరీక్ష అడిగే స్కూళ్లున్నాయి. మొత్తం 298 ప్రశ్నలు, దాదాపు రెండున్నర గంటలు. క్వాంటిటేటివ్‌లో 52 ప్రశ్నలకు 30 నిమిషాలు, మ్యాథ్స్‌లో 64కి 45 నిమిషాలు, కాల్క్యులేటర్ ఉండదు. వెర్బల్ ఇంకా ఇరుకు, ప్రశ్నకు పట్టుమని ఇరవై సెకన్లు కూడా దక్కవు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. కష్టమైన లెక్కలు చేయించడం కంటే గడియారం పెట్టి పాత నమూనాలు చేయించడం మేలు. ఒకసారి మాత్రమే రాయాలనే నియమం చాలాచోట్ల ఉంది, సాధన కోసమని అసలు పరీక్షను ఇంకో స్కూల్లో రాయించకండి.

ఇక పూజ సంగతి. ఏడాదిలో కొన్నిసార్లు స్కూలంతా కలిసి మాస్ (కాథలిక్ ప్రార్థనాపూజ) జరుగుతుంది, హాజరు తప్పనిసరి. అందులో ఇచ్చే సత్ప్రసాదం (కమ్యూనియన్) కాథలిక్కులకే. మిగతా పిల్లలు తమ వరసలోనే కూర్చోవచ్చు, లేదా చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్లి ఆశీర్వాదం తీసుకోవచ్చు. విభూది బుధవారం నుదుట బూడిద ఎవరిష్టం వాళ్లది. ఇది మీ అబ్బాయికి ముందే చెప్పండి. తెలియక వరసలో నడిచి ఇబ్బంది పడే పిల్లలున్నారు. శాకాహారులకు ఓ చిన్న సంతోషం, తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు) శుక్రవారాలు క్యాంటీన్లో మాంసం పెట్టరు. దీపావళికి, ఉగాదికి సెలవు ఉంటుందని అనుకోవద్దు. ముందుగా ఉత్తరం ఇస్తే మన్నించిన గైర్హాజరుగా రాసుకుంటారు, పరీక్ష ఉంటే మాత్రం టీచరుతో విడిగా మాట్లాడాలి.

సేవా గంటలు హైస్కూలు డిప్లొమాకి షరతు. బెల్లార్మిన్ లాంటి జెస్యూట్ (ఒక కాథలిక్ సన్యాసుల సంఘం) స్కూళ్లలో వీటిని చాలా గట్టిగా చూస్తారు. 1973లో వాళ్ల పెద్ద పెద్రో అరుపే 'ఇతరుల కోసం జీవించే మనుషులు' అని చెప్పిన మాట ఈ కార్యక్రమాలన్నిటికీ పునాది. ఆఫీసులో ఫైళ్లు సర్దడం, చుట్టాల ట్యూషన్ సెంటర్లో సాయం తరచూ ఒప్పుకోరు. అవసరంలో ఉన్న మనుషుల మధ్య నేరుగా పనిచేయాలి. గుడిలో సేవ చెల్లుతుందా అన్నది మొదలుపెట్టక ముందే అడగండి. పదకొండు, పన్నెండుల్లో కైరోస్ అనే మూడు నాలుగు రోజుల రిట్రీట్ (ఆధ్యాత్మిక శిబిరం) ఉంటుంది. ఫోన్లు తీసుకుంటారు, పిల్లలు తమ గురించి మనసు విప్పి మాట్లాడతారు. మతం మార్చే శిబిరమేమోనని భయపడేవాళ్లకు నా మాట: ప్రార్థనలు ఉంటాయి, ఒత్తిడి ఉండదు. పంపించండి.

స్కూలు బస్సు మీద ఆశ పెట్టుకోకండి. బెల్లార్మిన్ పక్కనే కాలేజ్ పార్క్ కాల్‌ట్రెయిన్ స్టేషన్ ఉంది గానీ అక్కడ ఆగే బండ్లు కొన్నే. కార్‌పూల్ అంటే తల్లిదండ్రులే నడపాలి. కాలిఫోర్నియాలో 18 లోపు పిల్లలు లైసెన్సు వచ్చిన మొదటి 12 నెలలు, పక్కన 25 నిండిన లైసెన్సుదారు లేకుండా 20 లోపు వాళ్లని ఎక్కించుకోకూడదు. కాబట్టి లైసెన్సు వచ్చి ఏడాది కాని సీనియర్ కుర్రాడు దింపుతాడులే అనుకుంటే చట్టం ఒప్పుకోదు.

ఫీజు పైన పుస్తకాలు, ఐప్యాడ్, రిట్రీట్, ఆటల ఖర్చులు విడిగా పడతాయి. ఆర్థిక సాయానికి కాథలిక్కులే కానక్కర్లేదు, కానీ దాని గడువు అడ్మిషన్ గడువుకు వేరుగా, కొన్నిచోట్ల ముందే ఉంటుంది. ఓపెన్ హౌస్‌కి వెళ్లినప్పుడు టూర్ ఇచ్చే విద్యార్థిని ఒక్కటి అడగండి: పోయిన వారం ఏ క్లాసుకి ఏం రాశావు, టీచరు దాని మీద ఏమని రాసిచ్చారు?