గ్రెనోబుల్‌లో నీ మొదటి విందుకు ఏ వైన్ పెట్టాలంటే

చిరంజీవి అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆఫీసులో నీతో పనిచేసేవాళ్ళు నలుగురిని వచ్చే శనివారం రాత్రి భోజనానికి పిలిచావనీ, వంట మన పద్ధతిలోనే చేయదలచుకున్నావనీ, దానితో ఏ వైన్ పెట్టాలో తేల్చుకోలేక దుకాణంలో అరగంట నిలబడి వట్టి చేతులతో తిరిగి వచ్చావనీ రాశావు. ఈ ఫ్రాన్స్ దేశంలో, లియోన్‌లో ముప్ఫయ్యేళ్ళుగా కాపురం చేస్తున్నదాన్ని కాబట్టి ఈ తికమక నాకు బాగా తెలుసు. నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను.

మేము ఈ దేశం వచ్చిన రెండో ఏడు మీ బాబాయి పై అధికారినీ, ఆయన భార్యనూ ఇంటికి పిలిచాము. చింతపండు దిట్టంగా పోసి చేపల పులుసు, కారం దట్టించి గుత్తివంకాయ చేశాను. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన తెల్ల వైన్, ఓక్ చెక్క పీపాల్లో నిలవ ఉంచినది, కొని తెచ్చాను. పులుసు ముద్ద తిని గుక్క తాగితే వైన్ చప్పగా నీళ్ళలా ఉంది, వంకాయ తిని తాగితే గొంతు మండింది. వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి అన్నీ బాగున్నాయన్నారు గానీ, గ్లాసులు పోసినవి పోసినట్టే ఉండిపోయాయి.

తప్పు వైన్‌ది కాదు, నా వంకాయదీ కాదు. కూరలోని పులుపు వైన్‌లోని పులుపును మించితే వైన్ రుచి చచ్చిపోతుంది. వైన్‌లో ఆల్కహాల్ ఎక్కువైన కొద్దీ మిరపకారం మంట నాలుక మీద మరింత రగులుతుంది. అంటే మన భోజనానికి కావలసింది పులుపు గట్టిగా, ఆల్కహాల్ తక్కువగా ఉండి, ఓక్ పీపా తెచ్చే వగరు లేని వైన్. ధరకూ ఈ లెక్కకూ సంబంధం లేదు. ఇంత చిన్న సంగతి నాకు బోధపడడానికి పదేళ్ళు పట్టింది. అదీ ఆలోచించి కనిపెట్టింది కాదు.

ఒక వానాకాలపు సాయంత్రం ఒంట్లో ఓపిక లేక కూర్జెట్ (లేత సొరకాయలాంటి ఇక్కడి కూరగాయ) వేసి పెసరపప్పు వండి, రెండు ట్రౌట్ చేపలు పెనం మీద కాల్చి ఊరుకున్నాను. పక్కింటివాళ్ళు సెలవులకు కొండల్లోకి వెళ్ళి తెచ్చి ఇచ్చిన సీసా ఒకటి ఫ్రిజ్‌లో పడి ఉంటే మీ బాబాయి తీశారు. దాని మీద అప్రెమోన్ అని ఉంది. మేము ఎన్నడూ వినని పేరు. రంగు దాదాపు నీళ్ళదే. వాసన చూస్తే నిమ్మతొక్కు, దాని వెనక కొత్త కుండలో పోసిన నీళ్ళ వాసన. నాలుక మీద సోడాలా కాస్త చురుకు. నెయ్యి వేసిన పప్పన్నం ముద్ద తరవాత ఒక గుక్క తాగితే నోరు కడిగినట్టయి మళ్ళీ ముద్ద కలపబుద్ధి అయింది. ఆ రాత్రి మేమిద్దరం అవసరానికి మించి తిన్నామని ఒప్పుకుంటున్నాను.

ఆ వైన్ మీ ఊరికి పొరుగుదే. గ్రెనోబుల్ నుంచి షాంబేరీ వెళ్ళే రైల్లో ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే, మోమెలియాన్ దాటాక నిట్టనిలువుగా కోసినట్టున్న కొండ ఒకటి కనిపిస్తుంది. దాని పేరు గ్రానియే, ఎత్తు 1933 మీటర్లు. 1248 నవంబరు 24 రాత్రి ఆ కొండలో ఒక పక్క మొత్తం విరిగిపడి కింద ఉన్న ఊళ్ళను పూడ్చేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారంటారు. ఆ రాళ్ళ ప్రవాహం మియాన్ ఊళ్ళోని నల్ల మేరీమాత గుడి వాకిట ఆగిపోయిందని అక్కడివాళ్ళ నమ్మకం. మరే పైరుకూ పెద్దగా పనికిరాని ఆ సున్నపురాతి శిథిలాల మీదే తరవాతి కాలంలో ద్రాక్ష వేశారు. అప్రెమోన్, దాని పక్కనే ఉన్న అబీమ్ తోటలు ఆ నేలవే. అక్కడ పండేది ముఖ్యంగా జాకేర్ అనే ద్రాక్ష. ఎంత పండినా తీపి ఎక్కువ పట్టదు, అందుకే దాని వైన్‌లో ఆల్కహాల్ 11 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. ఈ తోటలున్న సవ్వా ప్రాంతపు వైన్ చాలావరకు అక్కడే, మంచు ఆటలకు వచ్చేవాళ్ళ బల్లల మీదే ఖర్చయిపోతుంది కాబట్టి బయట దాని పేరు అంతగా వినబడదు.

కొనేటప్పుడు సీసా మీద సవ్వా అనీ, అప్రెమోన్ లేదా అబీమ్ అనీ ఉందా చూడు. ద్రాక్ష పేరు రాయకపోవచ్చు, దానికి కంగారుపడకు. కిందటేడాదిది గానీ అంతకు ముందటేడాదిది గానీ తీసుకో, ఇది దాచిపెట్టి తాగే వైన్ కాదు. పది యూరోలకు అటూ ఇటూగా మంచిదే దొరుకుతుంది. అయిదుగురికి రెండు సీసాలు చాలు.

ఇక వంట సంగతి, నా దృష్టిలో అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. చింతపండు ఆ రోజుకు ముట్టకు. పెసరపప్పు దోరగా వేయించి, కూర్జెట్ ముక్కలతో మెత్తగా ఉడికించి, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఇంగువతో నేతి పోపు పెట్టు. ఇంగువ ఎక్కువైతే వైన్ వాసన తెలియదు. ట్రౌట్‌కు ఉప్పు, పసుపు, మిరియాల పొడి పట్టించి, వెన్నలో రెండు వైపులా చర్మం కరకరలాడేదాకా కాల్చి, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండు. బీన్స్ కొబ్బరి కూర ఒకటి చేసుకుంటే అన్నంలోకి ఆ మూడూ సరిపోతాయి. చేప తిననివాళ్ళు ఉంటే బంగాళాదుంపలు వేయించు. కారప్పొడికి బదులు మిరియాలే వాడు.

సీసాను రెండు గంటల ముందే ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించడానికి పది నిమిషాల ముందు బయటికి తియ్యి. మరీ మంచులా ఉంటే ఆ కొత్త కుండ వాసన పుట్టదు. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకు. వాళ్ళలో తాగనివాళ్ళు ఉంటే కారణం అడగకుండా పల్చటి మజ్జిగ ముందు పెట్టు. నువ్వు తాగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చేవాళ్ళు తమ వంతుగా ఒక సీసా తెస్తారు, దాన్ని ఆ రాత్రే తెరవాలని లేదు, థాంక్స్ చెప్పి పక్కన పెట్టుకోవచ్చు.

మీ అమ్మ పంపిన ఆవకాయ జాడీని మాత్రం భోజనం అయ్యేదాకా అలమరలోనే ఉంచు. ఎవరైనా చూసి అడిగితే, గ్లాసులు తీసేశాక పెరుగన్నంలో నంజుకోవడానికి కొంచెం వెయ్యి.

ఇట్లు,
మీ పిన్ని
లియోన్