అన్యభాషలు (ఆత్మ ప్రేరణతో, నేర్చుకోని భాషలో మాట్లాడే వరం) రాకపోతే నాలో పరిశుద్ధాత్మ లేనట్టేనా, అసలు నా వరం ఏంటో ఎలా తెలుస్తుంది?

మొదటి ప్రశ్నకి సూటిగా చెప్తానండీ, కాదు. రోమా 8:9 ప్రకారం క్రీస్తు ఆత్మ లేనివాడు అసలు క్రీస్తువాడే కాదు, అంటే మీరు ఆయన్ని నమ్ముకున్నవాళ్ళైతే ఆత్మ మీలో ఉన్నట్టే. 1 కొరింథీ, అంటే కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక, 12వ అధ్యాయం చివర్లో ఆయన అందరూ అపొస్తలులా, అందరూ బోధకులా, అందరూ భాషలతో మాట్లాడతారా అని వరసగా అడుగుతాడు, ఆ అడగడంలోనే జవాబు ఉంది, కాదు అని. పెంతెకొస్తు సహోదరులు అపొస్తలుల కార్యములు 2, 10, 19 అధ్యాయాలు చూపించి అభిషేకానికి (ఆత్మతో నింపబడడానికి) గుర్తుగా వచ్చే భాషలు వేరు, వరంగా వచ్చే భాషలు వేరు అంటారు, నిజమే ఆ వాదన ఉంది, కానీ వాళ్ళలో కూడా చాలామంది భాషలు రాకపోతే రక్షణ లేదని చెప్పరు. కాబట్టి నాకు భాషలు రావనే సిగ్గుతో ప్రభువు బల్లకి (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకి) దూరంగా ఉండొద్దు ప్లీజ్.

నన్ను బాగా ఆలోచింపజేసింది కొరింథు సంఘమే. వాళ్ళకి ఏ కృపావరంలోనూ లోటు లేదని ఆ పత్రిక మొదటి అధ్యాయంలోనే రాశాడు పౌలు, మరి 3వ అధ్యాయానికి వచ్చేసరికి మీరు ఇంకా శరీరసంబంధులే, మీలో అసూయ కలహం ఉన్నాయి అంటాడు, 11లో అయితే ప్రభువు రాత్రి భోజనం దగ్గరే ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడు. అన్ని వరాలూ ఉండి కూడా ఇదీ పరిస్థితి! అందుకే వరాన్ని బట్టి మనిషి ఆత్మీయతని కొలవకూడదు అంటాను, దానికి గలతీ 5లో ప్రేమ, సంతోషం, సమాధానం లాంటి ఆత్మఫలం ఉంది. వరం ఇచ్చింది అందరి ప్రయోజనం కోసం అని 1 కొరింథీ 12:7లో స్పష్టంగా ఉంది.

మా సహవాసంలో ఒక పెద్దావిడ ఉన్నారు, ఎప్పుడూ మైక్ పట్టుకోరు, సాక్ష్యం చెప్పమన్నా రెండు మాటలు చెప్పి కూర్చుంటారు. ఒక సిస్టర్‌కి కడుపులో బిడ్డ పోయినప్పుడు మేమంతా వెళ్ళి వాక్యాలు చెప్పి వచ్చేశాం, ఆవిడ మాత్రం సాయంత్రం దాకా ఆ అమ్మాయి పక్కనే మంచం మీద కూర్చుని చేయి పట్టుకుని ఉన్నారు, మధ్యలో లేచి గిన్నెలు కడిగి మళ్ళీ వచ్చి కూర్చున్నారు, అంతే. ఆ అమ్మాయి తర్వాత నాతో, అక్కా ఆరోజు నాకు గుర్తున్నది ఆమె ఒక్కతే అంది. రోమా 12:8లో కరుణించడం కూడా వరాల లిస్టులోనే ఉంది, సంతోషంగా చేయమని కూడా ఉంది, కానీ దాని కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టడం నేనైతే చూడలేదు.

అపొస్తలుల కాలంతోనే భాషల వరం ఆగిపోయింది అని కొందరంటారు, నేను అలా అనుకోను. పౌలే తను అందరికంటే ఎక్కువ మాట్లాడతానన్నాడు, అయినా సంఘంలో మాత్రం పదివేల మాటలకంటే అర్థమయ్యే అయిదు మాటలే మేలన్నాడు, ఇద్దరు లేదా ముగ్గురే, అదీ ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవాళ్ళు లేకపోతే మౌనం (1 కొరింథీ 14:27, 28). ఎవరైనా మీ చేత ఏవో శబ్దాలు పదేపదే పలికించి ఇదే వరం అంటే ఒప్పుకోకండి, వరాలు పంచేది ఆత్మే, తన చిత్తం చొప్పున (1 కొరింథీ 12:11).

ఇక మీ వరం ఏంటి అని. ఆన్‌లైన్ టెస్టులు మీకు ఏది ఇష్టమో చెప్తాయి, అంతకుమించి కాదు. నా విషయంలో అయితే, సండేస్కూల్ టీచర్‌కి ఒంట్లో బాలేకపోతే ఆ క్లాసు నన్ను చూడమన్నారు, కొన్నాళ్ళకి తల్లిదండ్రులే వచ్చి పిల్లలు ఇంట్లో ఆ కథ మళ్ళీ చెప్తున్నారండీ అనడం మొదలుపెట్టారు, అప్పటిదాకా నాకు బోధించే వరం ఉందని నేను అనుకోనేలేదు. మీరూ ముందు సంఘంలో ఖాళీగా ఉన్న ఏదో ఒక పని పట్టుకోండి, కొన్ని నెలలు చేశాక మిమ్మల్ని దగ్గరగా చూసిన ఇద్దరు ముగ్గురు పెద్దల్ని అడగండి, నా వల్ల ఎవరికైనా మేలు జరిగిందా, ఎక్కడ జరిగింది అని.