గ్రహణం మొర్రి ఆపరేషన్ అయిన పాపకు పుచ్చిపళ్లు.. వదిలేయొచ్చా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. గ్రహణం మొర్రితో పుట్టింది. ఐదో నెలలో పెదవికి, ఏడాది దాటాక అంగిలికి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు పై ముందుపళ్లు గోధుమరంగులోకి మారి పుచ్చిపోతున్నాయి. రాత్రి పాలసీసా నోట్లో ఉంటేనే నిద్రపోతుంది. కుట్లు పడిన చోట బ్రష్ చేయాలంటే భయం. పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయని ఇంట్లో అంటున్నారు. – ఒక తల్లి, నల్గొండ

డాక్టర్ సలహా: వదిలేయకండమ్మా. పాలపళ్లు ఊడే మాట నిజమే కానీ, మీ పాపకు వాటితో ఇంకా పని ఉంది. చీలిక పై దవడ ఎముక దాకా ఉన్న పిల్లలకు సాధారణంగా 8 నుంచి 11 ఏళ్ల మధ్య, శాశ్వత కోరపన్ను దిగకముందే, తుంటి దగ్గర కొంచెం ఎముక తీసి ఆ సందులో నింపుతారు. ఆ పక్కనున్న పళ్లలో చీము ఉంటే పెట్టిన ఎముక నిలవకపోవచ్చు.

ఈ పిల్లల పళ్లు త్వరగా పుచ్చడానికి కారణాలున్నాయి. చీలిక పక్కన పళ్లు వంకరగా వస్తాయి, కొన్నింటికి పైపొర పల్చగా ఉంటుంది. కుట్టిన పెదవి బిగుతుగా ఉండి బ్రష్ లోపలికి పోదు. దానికి తోడు రాత్రి పాలసీసా.

పాత కుట్లు బ్రష్‌కు ఊడిపోవు, ఆ భయం వద్దు. పాపను ఒళ్లో పడుకోబెట్టి, వేలితో పై పెదవి మెల్లగా ఎత్తి, చిన్న మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా మీరే తోమండి. ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత చాలు. ఉమ్మేయమనండి, మింగనివ్వకండి. మీది నల్గొండ కాబట్టి, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కూడా డెంటిస్టుకు చెప్పండి. పళ్లకు పూసే ఫ్లోరైడ్ వార్నిష్ వేయాలా వద్దా అన్నది ఆయన చూసి చెబుతారు.

సీసా ఒక్కసారే లాక్కుంటే ఇల్లంతా జాగారమే! పాలల్లో రోజురోజుకూ నీళ్లు పెంచుతూ చివరికి ఉత్త నీళ్లే పోయండి.

ఈ వారంలోనే పిల్లల దంతవైద్యులకు చూపించండి. ఫిల్లింగో క్యాపో వేసి చాలా పళ్లను కాపాడొచ్చు. చీలిక పక్కన అదనపు పన్ను కనిపించినా, ఆపరేషన్ చేసిన సర్జన్‌ను అడగకుండా పీకించొద్దు. పాపకు గుండె సమస్య ఏదైనా ఉంటే చికిత్సకు ముందే చెప్పాలి. ఖర్చు గురించి టెన్షన్ అయితే అంగన్‌వాడీలో అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గ్రహణం మొర్రి, పిప్పిపళ్లు రెండూ చూస్తారు. ఈలోగా చెంప వాచినా, జ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.