కార్డు పాడైనా బోర్డు ఆగకూడదు
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 మైక్రోకంట్రోలర్ బోర్డుకు బూట్‌లోడర్ (బోర్డు లేవగానే ముందు నడిచి, అసలు ప్రోగ్రామ్‌ను ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) రాశాను. ఎస్‌డీ కార్డులోని ఫర్మ్‌వేర్ (బోర్డు ప్రోగ్రామ్) ఫైలును, కార్డులోని ఫైళ్లను చదివే ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ లైబ్రరీతో చదివి చిప్‌లోని ఫ్లాష్ మెమరీలోకి ఎక్కిస్తుంది. కార్డులో ఏ తేడా వచ్చినా బోర్డు అక్కడే ఆగిపోతోంది. ఒకసారి మధ్యలో కార్డు తీస్తే పాత ప్రోగ్రామ్ కూడా పోయింది. ఏం మార్చాలి?

జవాబు: మీ కోడ్ ముందు ఫ్లాష్ చెరిపి, తర్వాత ఫైలు చదువుతున్నట్టుంది. ఆ వరుసే అసలు తప్పు. ఫైలును రెండు విడతలుగా చదవండి. మొదటి విడతలో 512 బైట్ల చొప్పున చదువుతూ సీఆర్‌సీ32 (డేటా మారిందో లేదో పట్టిచ్చే తనిఖీ సంఖ్య) లెక్కకట్టడం తప్ప ఫ్లాష్‌ను ముట్టుకోవద్దు. ఫైలు చివర మీరు చేర్చిన సీఆర్‌సీతో అది కలవాలి. సైజు కూడా అప్లికేషన్ (బూట్‌లోడర్ నడిపించే అసలు ప్రోగ్రామ్) జాగాలో పట్టాలి: 64 కేబీలో బూట్‌లోడర్‌కు 16 పోతే మిగిలేది 48. పీసీలో కాపీ అవుతుండగా కార్డు లాగేస్తే డైరెక్టరీలో సైజు సరిగ్గానే కనిపించి, లోపల పాత డేటా ఉండొచ్చు. దాన్ని సీఆర్‌సీయే పట్టుకుంటుంది.

ఇక్కడొక చిక్కుంది. ఈ చిప్‌లోని సీఆర్‌సీ యూనిట్ ఇచ్చే జవాబు, జిప్ ఫైళ్లలో వాడే సీఆర్‌సీ32తో నేరుగా కలవదు. అది బిట్ల వరుస తిరగేయదు, చివర ఎక్స్‌ఓఆర్ చేయదు. సాఫ్ట్‌వేర్‌లోనే లెక్కకట్టండి, 48 కేబీకి అదేమంత భారం కాదు.

రెండో విడతలోనూ కరెంటు పోవచ్చు. అందుకని అప్లికేషన్ మొదటి పేజీని (1 కేబీ) అన్నిటికంటే ముందు చెరపండి. ఫైలులోని మొదటి 8 బైట్లను, అంటే స్టాక్ పాయింటర్‌నూ రీసెట్ చిరునామానూ, ర్యామ్‌లో ఉంచుకోండి. మిగతాదంతా రాసి, ఫ్లాష్ నుంచి తిరిగి చదివి సరిచూశాకే వాటిని రాయాలి. బోర్డు లేచిన ప్రతిసారీ స్టాక్ పాయింటర్ 20 కేబీ ర్యామ్ పరిధిలో ఉందా, రీసెట్ చిరునామా అప్లికేషన్ జాగాలోనే ఉండి బేసి సంఖ్యా అని చూడండి. సగంలో ఆగిన పని ఈ పరీక్ష దాటదు. అప్పుడు బూట్‌లోడర్ అప్లికేషన్‌లోకి దూకకుండా మళ్లీ కార్డు కోసం చూస్తుంది.

ఇక ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే ఎర్రర్ కోడ్లు. అన్నిటికీ ఒకే అంతులేని లూప్ పెట్టకండి. 4 వస్తే ఫైలు లేదని అర్థం, అది లోపమే కాదు, పాత అప్లికేషన్‌ను నడపండి. 1 (డిస్క్ లోపం), 3 (కార్డు సిద్ధంగా లేదు) వస్తే క్లాక్‌ను 400 కిలోహెర్ట్జ్‌కు దించి కార్డును మొదటి నుంచి ఇనిషియలైజ్ చేయండి. మూడుసార్లు చూసి, కుదరకపోతే, పై పరీక్ష దాటితేనే, పాత అప్లికేషన్‌కే వెళ్లండి. కార్డు సిద్ధం కావడానికి 1 సెకను దాకా పట్టొచ్చు, అంతకు తక్కువ టైమౌట్ పెడితే మంచి కార్డునే తిప్పికొడతారు. 13 (లైబ్రరీకి తెలిసిన ఫైల్ సిస్టమ్ కార్డులో లేదు) వస్తే ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు. 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌తో వస్తాయి, లైబ్రరీలో ఆ సదుపాయం మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దీనికి ఎల్‌ఈడీ వేరే లెక్కన వెలిగితే వాడేవారికి కార్డు మార్చాలని తెలుస్తుంది.

పని అయ్యాక ఫైలు పేరు మార్చే అలవాటు కొందరికి ఉంది. వద్దు. లైబ్రరీని చదవడానికి మాత్రమే ఉండేలా కంపైల్ చేయండి. కోడ్ చిన్నదవుతుంది, కార్డు మీ చేతిలో పాడవదు. అదే ఫైలు మళ్లీ ఎక్కకుండా ఉండటానికి ఫ్లాష్‌లోని సీఆర్‌సీతో పోల్చితే చాలు.

ప్రశ్న: కార్డుల్లో ఉండే ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్‌ను చదివే కోడ్ సొంతంగా రాశాను. ఒక కార్డు పెడితే ఎర్రర్ కూడా రాకుండా అలాగే ఉండిపోతోంది. ఎందుకు?

జవాబు: ఫైలు డేటా క్లస్టర్లు అనే ముక్కల్లో ఉంటుంది, ఒక క్లస్టర్ తర్వాత ఏదో ఫ్యాట్ టేబుల్ చెబుతుంది. ఆ క్లస్టర్ల గొలుసు తిరిగి తన మీదకే వచ్చి ఉంటుంది. ఫైలు సైజును క్లస్టర్ సైజుతో భాగించి, పైకి సవరించి, అన్ని అడుగులు దాటితే ఆపేయండి. టేబుల్‌లోని విలువలో కింది 28 బిట్లే తీసుకోండి. వచ్చిన సంఖ్య 2 కంటే తక్కువైనా, చివరి క్లస్టర్‌ను దాటినా, గొలుసు ముగింపు గుర్తు కాకపోతే లోపమే. బూట్ సెక్టార్‌లో సెక్టార్‌కు 512 బైట్లు ఉన్నాయా, క్లస్టర్‌కు సెక్టార్లు సున్నా కాకుండా రెండుకు ఘాతమేనా (1, 2, 4, 8 లాంటివి) అని ముందే చూడండి. కార్టెక్స్-ఎం3 ప్రాసెసర్‌లో (ఎస్‌టీఎం32ఎఫ్103లో ఉండేది ఇదే) సున్నాతో భాగిస్తే, దాన్ని లోపంగా పట్టే ట్రాప్ బిట్ పెట్టకపోతే, చప్పుడు లేకుండా 0 వస్తుంది. ఆ తప్పు ఎక్కడో దూరాన బయటపడుతుంది.